కంచం కొనేముందు నీళ్లు పోసి చూడండి

మా అత్తయ్యకు ఎనభై రెండేళ్లు. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం పెరుగన్నం తింటూ చేత్తో కంచమంతా తడుముతున్నారు. "ఏం కావాలత్తయ్యా?" అని అడిగాను. "అన్నం అయిపోయిందో, ఇంకా ఉందో తెలియటం లేదమ్మా" అన్నారు. తెల్లటి కంచం, అందులో తెల్లటి పెరుగన్నం. అప్పటికి ఒక కంటికే శుక్లం తీయించాం. ఆ కంచాలు నేను ఏరికోరి కొన్నవే. కొనేటప్పుడు అంచు మీది పువ్వు చూశాను, ధర చూశాను. అందులో అన్నం పెడితే ఎవరికి ఎలా కనిపిస్తుందో మాత్రం ఆలోచించలేదు.

తర్వాత నెలలో చుట్టాలింట్లో గృహప్రవేశం. అరటాకులో వడ్డించారు. అత్తయ్య ఎవరి సాయం లేకుండా ఆకులో ఏ మూల ఏముందో చూసుకుంటూ, చివరి పెరుగన్నం దాకా చక్కగా తిన్నారు. ఇంటికొస్తూ కారులో, "ఆకులో అయితే అన్నీ కనబడతాయమ్మా" అన్నారు. కంచం రంగు గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క మాట నుంచే మొదలైంది.

మాది తెనాలి. ముప్ఫై ఏళ్లుగా హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలో ఉంటున్నాం. పెళ్లికి మా అమ్మ పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు కంచాలు, తర్వాత మెలమైన్, ఆ తర్వాత నల్లటి సిరామిక్, తర్వాత తెల్లటి ఒపల్ గాజు, అన్నీ మా ఇంట్లో తిరిగాయి. ఈమధ్య మా చెల్లెలి కూతురు కొత్త ఫ్లాటులోకి దిగుతూ "పెద్దమ్మా, ప్లేట్లు ఏ రంగువి తీసుకోమంటావ్?" అని ఫోన్ చేసింది. రంగు సంగతి తర్వాత, ముందు టేపు తీసి కొలుచుకో అన్నాను.

ముందు ఇంట్లో కొలతలు

గిన్నెల స్టాండులో కంచాలు నిలబెట్టే చోట ఎత్తు, సింకు లోపలి వెడల్పు, అల్మరా అర లోతు, మైక్రోవేవ్ ఉంటే లోపల తిరిగే గాజు పళ్లెం అడ్డకొలత రాసుకోండి. మా స్టాండులో పదిన్నర అంగుళాల కంచం చక్కగా నిలబడుతుంది, పదకొండు అంగుళాలది పై కమ్మీకి తగులుతుంది. ఆ అర అంగుళం తేడాతో రోజూ కంచాలు ఏటవాలుగా పెట్టుకుంటూ, అంచులు కొట్టుకుంటూ రెండేళ్లు గడిపాను.

మన భోజనానికి 10, 11 అంగుళాల మధ్య కంచం సరిపోతుంది. మధ్యలో అన్నం కలుపుకోవాలి, పక్కన కూర, పచ్చడి, వేపుడు, అప్పడం ఉండాలి. 9 అంగుళాల దాంట్లో కలుపుతుంటే మెతుకులు బల్ల మీద పడతాయి. టిఫినుకు 7 అంగుళాల చిన్న ప్లేటు చాలు. రెండు దోసెలు తినే మగపిల్లలుంటే అదీ చాలదు, వాళ్లకు పెద్ద కంచమే పెట్టాలి.

నీళ్ల పరీక్ష

నేను షాపుకు వెళ్లేటప్పుడు సంచిలో మంచినీళ్ల సీసా తప్పకుండా ఉంటుంది. నచ్చిన కంచంలో ఒక గ్లాసు నీళ్లు పోసి, ఒక్క చేత్తో ఎత్తి రెండడుగులు నడుస్తాను. నీళ్లు ఒలికితే ఆ కంచం ఎంత అందంగా ఉన్నా నాకు పనికిరాదు. షాపువాళ్లు మొదట వింతగా చూస్తారు. "చారు పోసుకుంటామండీ" అంటే వాళ్లకూ అర్థమవుతుంది.

షోరూముల్లో అందంగా పేర్చి ఉండే బల్లపరుపు ప్లేట్లు ఫోర్కుతో, కత్తితో తినే భోజనానికి చేసినవి. మనం పప్పు, పులుసు, చారు, మజ్జిగ వరసగా పోసుకుంటాం. అంచు కనీసం ముప్పావు అంగుళం లేవాలి. అడుగు నుంచి అంచు దాకా వంపు మెత్తగా ఉండాలి. గోడలాగా నిటారుగా లేస్తే ఆ మూలలో మెతుకులు చిక్కుకుని వేళ్లకు అందవు. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో మాత్రం ఆ నిటారు అంచే కొంచెం మేలు. ముద్దను దానికి ఆనించి ఎత్తుకోవచ్చు.

అలాగే పొడి వేళ్లతో కంచం లోపల అన్నం కలిపినట్టు రుద్ది చూడండి. మనం చేత్తో తింటాం, ఆ స్పర్శ రోజుకు రెండుసార్లు మనదే. మెరుపు లేని మ్యాట్ పూత కొన్నిటిలో నున్నగా ఉంటుంది, కొన్నిటిలో ఉప్పుకాగితంలా గరుకు. గరుకుగా ఉంటే గోరు తగిలినప్పుడల్లా పళ్లు జివ్వుమంటాయి. పైగా స్టీలు గరిట తగిలినచోట పెన్సిలు గీతల్లాంటి బూడిదరంగు చారలు పడతాయి. అది కంచం గీసుకుపోవడం కాదు, గరిటె లోహమే పూత మీద అంటుకోవడం.

బరువు కూడా చేతితోనే చూడాలి. ఒక్క కంచం కాదు, ఆరు ఒకదాని మీద ఒకటి పెట్టించుకుని ఎత్తండి. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ నా నల్లటి సిరామిక్ కంచాలు వచ్చిన మొదటి వారమే చెప్పింది, "అమ్మా, ఇవి సబ్బు చేతిలో జారిపోతన్నాయి, వెనక పట్టు లేదు" అని. నేను పట్టించుకోలేదు. నెలలో రెండు పోయాయి. తోమేవాళ్లకు కంచం గురించి తెలిసినంత తినేవాళ్లకు తెలియదు. ఇప్పుడు కొత్తది ఏది కొన్నా ముందు ఆవిడ చేతికిచ్చి అడుగుతాను.

దేనితో చేసింది కొనాలి

రోజువారీకి నా ఓటు ఇప్పటికీ స్టీలుకు సగం, ఒపల్ గాజుకు సగం. మిగతావన్నీ అవసరాన్ని బట్టి.

స్టీలు కొనేటప్పుడు జరిగే తంతు మీకు తెలిసే ఉంటుంది. కొట్టతను అయస్కాంతం తీసి కంచానికి ఆనించి, "అంటుకోలేదు చూశారా మేడం, అసలైన 304" అంటాడు. 304 అనేది స్టీలు రకాన్ని చెప్పే అంకె. అతను చెప్పేది సగమే నిజం. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది నికెల్ వేయని 430 లాంటి రకం. పట్టుకోకపోతే 304 కావచ్చు, 202 కూడా కావచ్చు, రెండూ అంటుకోవు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. కంచం మీద 18/8 అని కొట్టేది అందుకే. 202లో నికెల్ తగ్గించి ఆ లోటు మాంగనీసుతో పూడుస్తారు. ధర తగ్గుతుంది, ఉప్పుకు, పులుపుకు తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, నిజమైన 304 రేకును కూడా నొక్కి వంచినప్పుడు వంపుల దగ్గర అయస్కాంతం కాస్త అంటుకుంటుంది. అందుకని అంచు దగ్గర కాకుండా కంచం నట్టనడుమ పెట్టి చూడండి.

ఐఎస్ఐ గుర్తు వెతకడం ఇంతకన్నా నమ్మకమైన దారి. స్టీలు పాత్రలకు ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024 మార్చి 14న ఆదేశం ఇచ్చింది. పాత్ర మీద గానీ పెట్టె మీద గానీ గుర్తుతో పాటు ఐఎస్ 14756 అన్న అంకె చూడండి. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. రాయడానికి వెనకాడే కొట్టు నుంచి నేను వట్టి చేతులతోనే బయటికి వచ్చేస్తాను.

మందం గేజిలో చెబుతారు. అంకె పెరిగినకొద్దీ రేకు పలచన, అంటే 24 గేజి కన్నా 22 గేజి మందం. బేగంబజార్‌లో స్టీలు తూకానికి అమ్మే కొట్లుంటాయి. అక్కడ ఒకే కొలత కంచాలు రెండు రకాలు చేతుల్లో పట్టుకుని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. అంచు లోపలికి మడిచి ఉందో లేదో వేలు పోనిచ్చి చూడండి, కోసినట్టు పదునుగా ఉంటే వద్దు. మడత సందులోకి నీళ్లు, సబ్బు చేరే ఖాళీ కూడా ఉండకూడదు. కొత్త కంచాన్ని తెల్లగుడ్డతో తుడిస్తే నల్లగా వస్తుంది, అది పాలిషు మసి. వేడినీళ్లతో, సబ్బుతో రెండుసార్లు తోమితే పోతుంది.

మా అమ్మ ఇచ్చిన కంచాల మీద నా పేరు, పెళ్లి తారీఖు ఇప్పటికీ చదవొచ్చు. వాటి మీద ఏ మరకా లేదు. ఒక్కదాని అడుగున మాత్రం చిన్న చిన్న గుంటలున్నాయి. ఆవకాయ వేసి రాత్రంతా వదిలేసిన ఫలితం అది. ఎంత మంచి స్టీలైనా ఉప్పు తడి రాత్రంతా నిలవనిస్తే అలాగే పొక్కుతుంది.

ఒపల్ గాజు అంటే పాలగాజు. గాజులో పాలతెలుపు వచ్చేట్టు చేసి, తర్వాత వేడి చేసి చల్లార్చి గట్టిపరుస్తారు. తేలిక, నున్నన, పసుపు అంటదు, మైక్రోవేవ్‌లో పెట్టొచ్చు, ఒకదాని మీద ఒకటి పేర్చితే అరలో కొంచెం చోటే చాలు. లా ఒపాలా, బోరోసిల్ వారి లారా, సెల్లో మన ఊళ్లలో అన్నిచోట్లా దొరుకుతాయి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే కొరెల్ 1970లో మొదలైంది, అది మూడు పొరల గాజు. మన చుట్టాల్లో అక్కడ స్థిరపడినవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది అదే.

దీంట్లో ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. ఇది పగలదని చెప్పే మాట నమ్మకండి. పది సార్లు పడినా ఏమీ కాదు, పదకొండోసారి పడితే సన్నటి చీలికలుగా గదంతా చెదురుతుంది. అప్పుడు చీపురు ఒక్కటే చాలదు. కాళ్లకు చెప్పులు వేసుకుని, ఊడ్చాక, తడిపిన గోధుమపిండి ముద్దతో నేలంతా అద్దండి, కంటికి కనిపించని ముక్కలు దానికి అంటుకుంటాయి. అంచు చిట్లిన ఒపల్ కంచాన్ని అదే రోజు పారేయండి, పాత పేపర్లో చుట్టి, పైన గాజు అని రాసి. చెత్త తీసుకెళ్లేవాళ్ల చేతులు ఉంటాయి కదా. వేడి కంచం మీద చన్నీళ్లు పోయకండి, స్టవ్ మీద ఎప్పుడూ పెట్టకండి.

సిరామిక్‌లో మట్టి, కాల్పు రెండూ ముఖ్యం. స్టోన్‌వేర్ అనే గట్టి రకం సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుతుంది, అందుకే నీళ్లు పీల్చదు. తక్కువ వేడిలో కాల్చినది పీలుస్తుంది, చిట్లినచోట నల్లబడుతుంది, మైక్రోవేవ్‌లో విపరీతంగా వేడెక్కుతుంది. దీనికి షాపులోనే పరీక్ష ఉంది. కంచం వెనక్కు తిప్పితే కింద గుండ్రటి పాదం ఉంటుంది, అక్కడ పూత ఉండదు. ఒక నీటిచుక్క వేయండి. చుక్క అలాగే నిలబడితే మంచిది, ఇంకిపోతే తిరిగి పెట్టేయండి. మన మార్కెట్లో దొరికే స్టోన్‌వేర్‌లో చాలాభాగం ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా నుంచి వస్తుంది. జైపూర్ నీలి కుండల పని ఎంతో అందంగా ఉంటుంది, కానీ అది ప్రధానంగా పలుగురాతి పొడితో చేసి తక్కువ వేడిలో కాల్చే రకం. గోడకు, బల్లకు అలంకారంగా తెచ్చుకుంటాను గానీ చారన్నం అందులో కలపను.

బోన్ చైనా గురించి శాకాహారులు ముందే తెలుసుకోవాలి. ఆ పేరులోని బోన్ నిజంగా ఎముకే. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులోని స్టోక్‌లో జోసయా స్పోడ్ కుటుంబం స్థిరపరిచిన పద్ధతి అది, పశువుల ఎముకల బూడిద దాదాపు సగం దాకా కలుపుతారు. వెలుతురుకు పట్టుకుంటే వెనక వేళ్ల నీడ కనిపిస్తుంది, తెలుపు వెచ్చగా ఉంటుంది, పలచగా ఉన్నా గట్టిది. అందంలో దానికి సాటి లేదు. మా అత్తయ్య పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ శాకాహారులే. నాకు పెళ్లికి వచ్చిన బోన్ చైనా కప్పుల సంగతి తెలిశాక ఆవిడ ఏమీ అనలేదు, వాటిలో కాఫీ తాగడం మానేశారు, అంతే. ఎవరికైనా బహుమతిగా ఇచ్చేముందు వాళ్ల ఇంటి ఆచారం కనుక్కోండి. ఎముక వద్దనుకుంటే పోర్సలిన్ అని రాసి ఉన్నది అడగండి.

మెలమైన్ నేను ఇక కొనను. పిల్లలు చిన్నప్పుడు పగలవని కొన్నాను. రెండేళ్లకు పసుపు పట్టి, గీతలు పడి, ఎంత తోమినా వెల్లుల్లి వాసన వదల్లేదు. అది ఒక రకం ప్లాస్టిక్. 70 డిగ్రీలు దాటిన వేడికి పనికిరాదని జర్మనీ ఆహార భద్రతా సంస్థ చెప్పింది. పొయ్యి మీంచి దించిన సాంబారు అంతకన్నా వేడిగానే ఉంటుంది. మైక్రోవేవ్‌లో అసలే పెట్టకూడదు. పిక్నిక్కులో పులిహోరకు, పండ్ల ముక్కలకు అయితే అభ్యంతరం లేదు.

ఇక కంచు, ఇత్తడి. బుడితి, అజ్జరం ఊళ్లలో చేసే సామాను చూస్తే నాకూ చెయ్యి ఆగదు. కానీ కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు, పెరుగు నిలవుంటే చిలుము పట్టి రాగి తిండిలోకి దిగుతుంది. పండగరోజు అన్నం, పప్పు, నెయ్యి, బూరెలు వడ్డించుకోండి. చారు గిన్నెలో పోసుకోండి.

రంగు

మన కంచంలో అరగంటలో ఎన్ని రంగులు మారతాయో ఒకసారి గుర్తు చేసుకోండి. పసుపుపచ్చటి పప్పు, నల్లపచ్చ గోంగూర, ఎర్రటి ఆవకాయ, గోధుమరంగు గుత్తివంకాయ, చివర తెల్లటి పెరుగు. వీటన్నిటికీ ఒకే నేల కావాలి. అందుకే నేను కొత్త కంచం రంగును గోడల రంగుతోనో బల్ల గుడ్డతోనో పోల్చను, వంటతో పోలుస్తాను.

తెలుపు దాదాపు అన్నిటికీ నప్పుతుంది, అన్నానికీ పెరుగుకూ తప్ప. మన భోజనంలో ఆ రెండే ఎక్కువ. చూపు బాగున్నవాళ్లకు అదేమీ ఇబ్బంది కాదు. ఇంట్లో చూపు మందగించిన పెద్దవాళ్లుంటే మాత్రం వాళ్ల కంచం తెల్లది వద్దు. తెలుపులోనూ రకాలున్నాయి. ఒపల్ గాజు తెలుపు కాస్త నీలం ఛాయతో ఉంటుంది, సిరామిక్ తెలుపు ఒక్కొక్కటి ఒక్కో తీరు. రెండు సెట్లు కలిపి వాడాలనుకుంటే ఇంట్లోని ఒక ప్లేటు వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. లేకపోతే ఒకటి మాసినట్టు కనిపిస్తుంది. నాకు మీగడ రంగు ఎక్కువ ఇష్టం. పప్పు, పచ్చడి దాని మీద ఆకలి పుట్టించేలా ఉంటాయి, ఏళ్ల తరబడి పసుపు ఛాయ పట్టినా కొట్టొచ్చినట్టు కనిపించదు.

నలుపు కొనొద్దని అనను గానీ ముందు మీ కుళాయి నీళ్లు చూసుకోండి. ఏడేళ్ల కిందట నేను కొన్న నల్లటి కంచాలు షాపు దీపాల కింద వెల్వెట్టులా ఉన్నాయి. మా ఫ్లాటుకు బోరు నీళ్లు, ఎండాకాలం టాంకరు. ఆరిన ప్రతి చుక్కా తెల్లటి సున్నపు మచ్చగా మిగిలింది. వారానికోసారి నిమ్మచెక్కతో రుద్దితే తప్ప భోజనానికి పెట్టే రూపం ఉండేది కాదు. ఇడ్లీ, కొబ్బరిపచ్చడి, పెరుగన్నం నలుపు మీద ముత్యాల్లా ఉంటాయి, నిజమే. గోంగూర, వంకాయకారం, పులుసు మాత్రం అందులో మాయమైపోతాయి.

ఎరుపు, నారింజ కంచాల్లో ఆవకాయ కలిసిపోతుంది. ఆవపిండి రంగు కంచంలో ముద్దపప్పు కలిసిపోతుంది. పైగా ముదురు ఎరుపు, నారింజ, పసుపు రంగుల పూతల్లో కాడ్మియం వాడే అలవాటు ఉంది, మెరుపు కోసం సీసం వాడినవీ ఉంటాయి. పులుపు తగిలితే నాసిరకం పూతలోంచి ఇవి తిండిలోకి దిగుతాయి. మన వంటలో పులుపు లేని రోజు ఉండదు కదా. అందుకని రంగు వెలుపల ఉండి, అన్నం తగిలే లోపలి భాగం తెల్లగానో మీగడరంగులోనో ఉన్నవి చూడండి. లోపల కూడా రంగే కావాలంటే సీసం లేదని, ఆహారానికి తగినదని పెట్టె మీద స్పష్టంగా రాసిన తయారీదారుదే తీసుకోండి. రోడ్డు పక్కన పేరు లేకుండా దొరికే రంగు ప్లేట్లలో పులుపు పెట్టకండి. పాతకాలపు చేతి చిత్రాల పళ్లాలు కూడా అంతే.

నీలం నాకు ఆలస్యంగా నచ్చిన రంగు. నీలం రంగు వంట మన దగ్గర లేదు, అందుకే దాని మీద ఏదీ కలిసిపోదు. ముదురు నీలం మీద పప్పన్నం వెలుగుతుంది. కోబాల్టుతో వచ్చే నీలం ఎక్కువ వేడి కాల్పుకు కూడా నిలిచే రంగు.

అత్తయ్య కోసం మాత్రం నేను అరటాకు రంగు వెతికాను. ఆకు మీద తెల్లన్నం, పసుపు పప్పు, ఎర్ర పచ్చడి దేనికదిగా ఎందుకు కనిపిస్తాయో అప్పటిదాకా ఆలోచించలేదు. ఆకుపచ్చ మరీ లేతగా ఉంటే పాచి రంగులా ఉంటుంది, మరీ ముదురైతే తోటకూర కనిపించదు. నిజం అరటాకు లోపలి వైపు ఉండే నడిమి పచ్చ కావాలి, కొంచెం మెరుపుతో. మూడు షాపులు తిరిగాక స్టోన్‌వేర్‌లో తొమ్మిదిన్నర అంగుళాలది, నిటారు అంచుది దొరికింది. బరువే, కానీ అది బల్ల మీదే ఉంటుంది, ఆవిడ ఎత్తక్కర్లేదు. మొదటిరోజు పెరుగన్నం పెట్టాను. చివరి ముద్ద తీసుకుని, "అయిపోయింది, ఇంకొంచెం వెయ్యమ్మా" అన్నారు.

ఒక సంగతి మరచిపోకండి. షాపుల్లో దీపాలు కళ్లు జిగేల్మనేలా తెల్లగా ఉంటాయి. ప్లేటు తీసుకుని గుమ్మం దాకా వచ్చి ఎండ వెలుతురులో చూడండి. మీ భోజనాల గదిలో పసుపు దీపం ఉంటే నీలం ఛాయ తెలుపు అక్కడ మాసినట్టుంటుంది, మీగడ రంగు అందంగా ఉంటుంది.

డిజైను అంచు మీదే ఉండనివ్వండి, నడుమ ఖాళీగా ఉండాలి. నడుమ సన్న ఆకుల బొమ్మలున్న ప్లేట్లు మా ఇంట్లో ఉండేవి. కరివేపాకు అంటుకుందనుకుని తోమిందే తోమేవాళ్లం, బొమ్మ అరిగిపోయింది. వేలితో తడిమితే బొమ్మ ఉబ్బెత్తుగా తగిలిందంటే అది పూత పైన వేసింది, పీచుకు పోతుంది. నున్నగా ఉంటే పూత కింద ఉన్నది, నిలుస్తుంది. బంగారు గీత అంచు మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు లేపుతుంది, తోమగా తోమగా వెలిసిపోతుంది కూడా.

కొట్టు దగ్గర అయిదు నిమిషాల పని

సిరామిక్ కంచాన్ని అరచేతి వేళ్ల మొనల మీద నిలబెట్టి వేలి మెటికతో తట్టండి. గంటలా మోగితే సరే. బద్దగా 'డబ్' అంటే లోపల బీట ఉండొచ్చు, కంటికి కనిపించకపోయినా. గాజు కౌంటరు మీద బోర్లించకుండా పెట్టి అంచు నాలుగువైపులా నొక్కితే ఊగకూడదు. ఒకే రకానివి నాలుగు పేర్చి కళ్ల ఎత్తుకు తెచ్చుకుని చూడండి. మధ్య సందులు సమంగా ఉంటే అన్నీ ఒకే తీరుగా ఉన్నట్టు, ఒకవైపు ఒరిగితే వంకర. పూతలో సూదిమొన రంధ్రాలు, వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురుకు వాల్చి చూడండి. ఆ పగుళ్లలోకి నూనె, పసుపు దిగితే ఇక రావు. కింది పాదం గరుకుగా ఉంటే కింద కంచం లోపలి పూతను గీస్తుంది.

సెట్టు కొనాలా, విడిగా కొనాలా? నేను చూసిన 27 పీసుల సెట్టులో ఆరు పెద్ద ప్లేట్లు, ఆరు చిన్నవి, పన్నెండు గిన్నెలు, రెండు వడ్డించే గిన్నెలు, కోలగా ఉన్న అన్నం ప్లేటు ఒకటి ఉన్నాయి. పన్నెండు గిన్నెల్లో మాకు రోజూ పనికొచ్చేవి నాలుగు. పెద్ద కంచాలేమో సంక్రాంతికి పిల్లలొస్తే చాలవు. కాబట్టి విడిగా దొరికే రకం, వచ్చే ఏడాది కూడా అదే డిజైను ఉంటుందని షాపువాళ్లు చెప్పే సాదా రకం తీసుకోండి. ఇంట్లో మనుషుల లెక్కకు రెట్టింపు, పైన రెండు.

అన్నిటికన్నా ముందు, ఒక్కటే కొనండి. వారం రోజులు అందులోనే తినండి. ఒక పూట పప్పు, ఒక పూట గోంగూర, ఒక పూట పులుసు. ఒక రాత్రి పసుపు కలిపిన నూనె చుక్క ఒకటి దాని మీద వదిలేసి పొద్దున తోమి చూడండి. పసుపు మరక మిగిలితే ఒకరోజు ఎండలో పెట్టండి, ఎండకు పసుపు రంగు విరుగుతుంది. అప్పటికీ ఉంటే ఆ రకం మీ ఇంటికి వద్దు. మైక్రోవేవ్ వాడేవాళ్లు ఖాళీ ప్లేటును ఒక గ్లాసు నీళ్లతో పాటు లోపల పెట్టి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి ప్లేటు చల్లగా ఉండాలి. ప్లేటే కాలిపోతుంటే అది అందుకు చేసింది కాదు. ఆన్‌లైన్‌లో కొన్నా ఇదే పద్ధతి, మొదట ఒకటో రెండో తెప్పించుకోండి. ఫొటోలో రంగు ఎప్పుడూ నిజం రంగు కాదు.

మా చెల్లెలి కూతురు చివరికి మీగడరంగు ఒపల్ కంచాలు పది, స్టీలువి ఆరు తీసుకుంది. స్టీలువాటి మీద పేరు కొట్టించమన్నాను, కొట్టించింది. సిరామిక్ కొన్నవాళ్లు అరలో పేర్చేటప్పుడు ఒక్కో కంచం మధ్య పేపరు నాప్కిన్ పెట్టుకోండి. అత్తయ్య కంచానికి జోడీగా నేను అదే రంగుది ఇంకొకటి కొని, పాత నేతచీరలో చుట్టి అటక మీద దాచాను. ఇప్పుడు వాడుతున్నది పగిలితే ఆవిడ ఒక్క పూట కూడా తెల్ల కంచంలో తినక్కర్లేదు.